నడుం దాటని సరుగుడు

ఈ ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిస్తే, మా చిట్టిచెట్ల గ్రూపులో కొత్తగా చేరిన ఒకాయన మెసేజ్ కనిపించింది. పార్వతీపురం వైపు ఏదో కాలేజీలో పాఠాలు చెబుతారట. బోన్సాయ్‌కి పనికొచ్చే మంచి చెట్లు, కుండీలు, తీగ, మట్టి మన రెండు జిల్లాల్లో ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ, ముఖ్యంగా మొదలు బాగా ముదిరిన సరుగుడు ఒకటి కావాలనీ రాశారు. నేను కళ్లజోడు సర్దుకునేలోపే నలుగురు జవాబిచ్చేశారు, అమ్మగారిని అడగండి, ఆవిడకి తెలియని గుమ్మం లేదని. పొగడ్తకి పొంగిపోయే వయసు దాటిపోయిందని అనుకుంటాను గానీ, దాటలేదు. కూర్చుని పెద్ద జవాబే రాశాను. కుండీలకి ఫలానా చోటు, తీగకి ఫలానా మనిషి, మట్టికి ఫలానా ఊరు. సరుగుడు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఆ ఒక్కటీ వదిలేసి పంపించాను.

నేను ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని. మా విజయనగరం నుంచి అటు శ్రీకాకుళం దాకా ఏ ఊళ్లో ఎవరు ఏ పని చేస్తారో, ఎవరి చెల్లెల్ని ఎక్కడికిచ్చారో నాకు తెలిసినంతగా, మా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో మా ఆయనకి తెలియదు. రిటైరయ్యాక ఈ చెట్ల పిచ్చి పట్టినప్పుడు ఆ పరిచయాలే పనికొచ్చాయి. నర్సరీల్లో బోన్సాయ్ అని అమ్మేది నాకు నచ్చదు. నిన్నగాక మొన్న నాటిన కొమ్మని పింగాణీ గిన్నెలో గుచ్చి, పైన తెల్లరాళ్లు జిగురుతో అతికించి, పక్కన ఒక ప్లాస్టిక్ బుద్ధుణ్ణి కూర్చోబెడతారు. అసలు సరుకు మనుషుల దగ్గర ఉంటుంది. శ్రీముఖలింగంలో ఉన్న మా పిన్ని కూతురు వంశధార ముతక ఇసక జల్లెడ పట్టి బస్సులో వేయిస్తుంది. పొందూరులో నేతపని చేసే ఒక అన్నయ్య ఉన్నాడు, మా గ్రూపు మొదలెట్టింది ఆయనే. వాళ్లింట్లో ఆడవాళ్లు పత్తి ఏకడానికి వాడే, సన్నటి పళ్లున్న వాలుగ చేప దవడ పాతబడిపోతే నాకోసం దాచిపెడతాడు. కుండీ మార్చేటప్పుడు వేళ్ల చిక్కు తీయడానికి దాన్ని మించిన దువ్వెన లేదు. ఇక తీగ. గజపతినగరంలో మా మేనత్త కొడుక్కి మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఉంది. కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగితీగ మెత్తబడి, ఎటు వంచితే అటు వంగుతుంది. నేను గుమ్మంలో కనబడగానే మా బావ ‘మళ్లీ వచ్చీసినావేటే, ఈపాలి ఏ సెట్టు నడ్డి విరగ్గొడతావు?’ అంటాడు, అంటూనే ఒక చుట్ట చేతిలో పెడతాడు.

ఆ బావే నన్ను అప్ప దగ్గరికి తీసుకెళ్లాడు. చేపల ఎరువు చేసుకుంటాను, పొట్టూ తలలూ ఎక్కడ దొరుకుతాయి అని అడిగితే, వారం సంతలో ఎండుచేపలమ్మే ఒకావిడ తట్ట ముందు నిలబెట్టాడు. పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె ఆవిడది. అక్కని అప్ప అనడం అక్కడి అలవాటు, సంతలో అందరూ అలా అంటే నేనూ అప్పా అని పిలవడం మొదలెట్టాను. ఆవిడ ఇచ్చిన తలలూ తోకలూ బెల్లంతో కలిపి కుండలో మురగబెడితే, ఆ వాసనకి మా ఆయన మూడు రోజులు అరుగు మీదే కాపురం పెట్టారు గానీ చెట్లు మాత్రం పచ్చగా లేచాయి. ఆ సంతోషంలో ఒక వారం నా చెట్ల ఫొటోలు ఫోన్లో ఆవిడకి చూపించాను. ఆవిడ ఫోను ముక్కుకి ఆనించుకుని చూసింది. రెండు కళ్లలోనూ శుక్లాలు.

‘ఇలాటిది మా వాకిట్లో ఒకటున్నాదమ్మా. సరుగుడు. పదకొండేళ్లనాటిది,’ అంది.

ఎంత ఎత్తుంది అన్నాను. ఆవిడ తట్ట పక్కకి జరిపి లేచి నిలబడింది. అరచేతిని నడుముకి జానెడు కిందగా పెట్టి చూపించింది. ‘ఇంతే. ఇంతకన్నా ఎదగనివ్వను.’

సరుగుడు సంగతి తెలిసినవాళ్లకి ఆ మాట ఎలాంటిదో అర్థమవుతుంది. మూడేళ్లలో ఇంటి కప్పు దాటిపోయే చెట్టు అది. దాన్ని పదకొండేళ్లు తొడల ఎత్తున నిలబెట్టిన మనిషి బోన్సాయ్ అనే మాటే ఎప్పుడూ వినలేదు. ఆ ఆదివారమే వాళ్ల పల్లెకి వెళ్లాను. పగిలిపోయిన చేపల ఐసుపెట్టెలో ఉంది చెట్టు. మొదలు నా మణికట్టుకన్నా లావు, బెరడంతా నిలువునా పగుళ్లు, పైన దట్టంగా ముద్దకట్టిన ఆకు. రోజూ గోళ్లతో చిగురు గిల్లితే తప్ప ఆ దట్టం రాదు. మా గ్రూపులో పుస్తకాలు చదివి నేర్చుకున్న మహామహులెవరికీ అంత ఓపిక లేదు, నాతో సహా. దాన్ని చూడగానే నాకు ఆశ పుట్టింది. పచ్చిగా చెప్పాలంటే ఎలాగైనా మా మేడమీదికి తెచ్చుకోవాలనిపించింది. అంత ఆశలో కూడా ఒకటి గమనించాను. ఆ వీధిలో వచ్చేపోయేవాళ్లెవరూ చెట్టుకీ సముద్రానికీ మధ్యగా నడవడం లేదు. నీళ్ల బిందెలు మోస్తున్న ఆడవాళ్లు కూడా ఇళ్ల వెనకనుంచి చుట్టూ తిరిగి పోతున్నారు. అక్కడి ఇసక మీద ఒక్క అడుగుజాడ లేదు.

గట్టు మీద కూర్చోబెట్టి ఆవిడే చెప్పింది. ఆవిడ భర్త గుజరాత్ బోట్లమీద పనికి వెళ్లేవాడు. ఆ తీరంనుంచి ఏటా ఎంతోమంది అలా వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. పదకొండేళ్ల కిందట బయల్దేరే రోజున భార్య ఏడుస్తూ కూర్చుంటే, అతను తోటలోంచి ఒక సరుగుడు మొక్క పీక్కొచ్చి, పనికిరాని ఐసుపెట్టెలో ఇసక పోసి పాతి, ‘ఇది నీ నడుం దాటీలోగా వచ్చీనూ’ అన్నాడట. ఎంతో తొందరగా వచ్చేస్తానని చెప్పడానికే ఆ మాట. ఆ బోటు తిరిగి రాలేదు. అదే బోటులో వెళ్లిన మరో ఇద్దరి భార్యలు, ఊరి పెద్దలు పెట్టిన గడువు దాకా చూసి, గాజులు తీసేశారు. ఈవిడ తీయలేదు. పెద్దలు ఇంటికి వచ్చి అడిగినప్పుడు చెట్టు పక్కన నిలబడి చూపించింది. ‘నడుం దాటనేదు కదా. ఆడికింకా గడువున్నాది,’ అంది. వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే చిగుళ్లు గిల్లుతోంది. అతనికి ఆలస్యం కాకుండా చూసుకుంటోంది.

‘ఇప్పుడు కళ్లకి ఆపరేసన్ సెయ్యాలన్నారమ్మా,’ అంది. ‘ఒక కన్ను అయినాక ఇంకో కన్ను. సీకాకుళంలో మా సెల్లి ఇంటికాడ రెండు నెలలు ఉండాల. ఈ ఊర్లో దీన్ని ముట్టుకునీవోలు నేరు. మీకు సెట్లు సూడ్డం తెలుసు కదా. సూత్తారా?’

నేను అడగబోయింది ఆవిడే తెచ్చి చేతిలో పెట్టినట్టయింది నాకు. ఆవిడ లోపలికి వెళ్లి ఒక వలతాడు తెచ్చింది. ఒక కొస నేలకి ఆనించి, నిలబడి, తన నడుం దగ్గర ముడి వేసింది. ‘ఈ ముడి దాటనీకండి. నేల మీదే ఎట్టండి, దేనిమీదా ఎక్కించకండి. అంతే.’ నేను ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. చెట్టుని ట్రాలీ ఆటో ఎక్కిస్తుంటే, వీధి చివర వల కుట్టుకుంటున్న ఒక ముసలాయన పని ఆపి లేచి నిలబడ్డాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మేము మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు. శవం వెళుతుంటే తప్ప అలా నిలబడరు.

మేడమీద బల్ల ఎక్కించకుండా గచ్చు మీదే దించాను, అంతవరకు మాట నిలబెట్టుకున్నాను. ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. చిట్టి చెట్టు మొదలు ఇంకా లావెక్కాలంటే, పైన ఒక కొమ్మని గిల్లకుండా వదిలేస్తాం. అది ఇష్టమొచ్చినట్టు పొడుగ్గా పోతూ ఉంటే, ఆ బలానికి కింద మొదలు బలుస్తుంది. పని అయ్యాక ఆ కొమ్మని మొదలంటా కోసేస్తాం, చెట్టు మళ్లీ ఎప్పటి ఎత్తుకి వచ్చేస్తుంది. మా దృష్టిలో అది ఎదగడం కిందకే రాదు. శ్రావణం వానలు మొదలయ్యాయి, చేపల ఎరువు సిద్ధంగా ఉంది, రెండు నెలల టైముంది. తెచ్చినప్పటికన్నా మంచి చెట్టుని తిరిగి ఇస్తాను, ఈలోగా నాలుగు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి అందరి నోళ్లూ మూయిస్తాను అనుకున్నాను. ముడి దాటకముందే కోసేస్తాను కదా, ఇచ్చిన మాట ఎక్కడ తప్పాను? ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుని, నడినెత్తిన ఉన్న ఒక చిగురుని గిల్లకుండా వదిలేశాను.

మొదటి వారంలోనే మా ఆయన కిందనుంచి కేకలు మొదలెట్టారు, ‘పంపు కట్టీవే! ట్యాంకు పొర్లిపోతన్నాది!’ అని. పంపు వేసి లేదు. మేడమీదికి వెళ్లి వింటే నిజంగానే నీళ్ల చప్పుడు లాంటిది ఉంది. సరుగుడు తోటలో నిలబడితే గాలికి సముద్రంలా హోరు వినిపిస్తుందని తీరంలో పెరిగినవాళ్లందరికీ తెలుసు. కానీ అది వందల చెట్ల హోరు. తొడల ఎత్తున ఉన్న ఒక్క చెట్టుకి, ఆకు కదలని మధ్యాహ్నం పూట, అలా వచ్చీ పోయే చప్పుడు ఎలా వస్తుంది? దగ్గరికి వెళ్లి చెవి పెడితే ఆగిపోయేది. మెట్లు దిగుతుంటే మళ్లీ మొదలయ్యేది. మా మేడమీద రోజూ దాడిచేసే కాకులు ఆ మూలకి రావడం మానేశాయి. ఐసుపెట్టె అంచుల వెంబడి తెల్లగా ఉప్పు పేరుకుంటే, మట్టిలోని లవణాలు లెమ్మని తుడిచేశాను. మర్నాటికి మళ్లీ పేరుకునేది. భయం వేసింది, నిజమే. దానితోపాటు మొదలు లావెక్కుతోంది కూడా. రోజూ దారం చుట్టి కొలుచుకునేదాన్ని. ఆ ఆనందం భయాన్ని తొక్కేసింది.

ఆరో వారం దాటింది. ఒకరోజు పొద్దున్న నీళ్లు పోసేటప్పుడు వలతాడు పెట్టి చూస్తే, చిగురు ముడికి నాలుగు వేళ్ల కిందుంది. రేపు కోసేద్దాం అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టిందని ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కాను. గాలి విసిరికొడుతోంది. దండెం మీద చీరలు ఎగిరిపోతున్నాయి, నా చెట్లన్నీ తలలూపుతున్నాయి. సరుగుడు ఒక్కటీ ఊగడం లేదు. ఆ చిగురు నిటారుగా, పైనుంచి ఎవరో కొస పట్టుకున్నట్టు నిలబడి ఉంది. ఇన్నాళ్లుగా వినిపిస్తున్న హోరు కూడా లేదు. బట్టలు వదిలేసి తాడు తెచ్చి పెట్టాను. చిగురు ముడి దాటి రెండు వేళ్లు పైనుంది. ఒక పూటలో ఆరు వేళ్లు ఎదిగే చెట్టుని నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. అప్పటికింకా చినుకు పడలేదు గానీ ఐసుపెట్టె చుట్టూ గచ్చు తడిగా ఉంది. ఎందుకు చేశానో తెలియదు, వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

అప్పుడే మా ఆయన ఫోను పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చారు, ఎవరో శ్రీకాకుళం నుంచట అంటూ. అప్ప చెల్లెలు.

‘అమ్మా, సెట్టు ఏటైనాదో అడగమంతంది అప్ప.’

బాగానే ఉంది అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

‘బాగుంటే మరి ఇదేటమ్మా? నిన్న రెండో కంటికి ఆపరేసన్ అయినాది. కట్టుతో పడుకున్నది పడుకున్నట్టే నేచి కూకుని, మట్టెలు తీసి నా సేతిలో ఎట్టీసింది. గాజులు పగలగొట్టుకుంది. దాటిపోనాది, దాటిపోనాది అంతంది. నాకు కాళ్లూ సేతులూ ఆడతన్నేదు.’

ఎప్పుడు అని అడిగాను. ఇప్పుడే, అరగంట కూడా అవలేదంది.

ఫోను పెట్టేసి, కత్తెర తెచ్చి ఆ కొమ్మని మొదలంటా కోసేశాను. గాయానికి మందు పూసి, చుట్టూ ఆకు సర్ది, కోసిన ఆనవాలు కనబడకుండా చేశాను. పని శుభ్రంగా వచ్చింది. ఎన్నేళ్ల అలవాటు! చెట్టు ఆవిడ ఇచ్చిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే అయింది. మా ఆయన దండెం పక్కన నిలబడి అంతా చూశారు. తర్వాత బట్టలు తీసుకుని దిగిపోయారు.

పదిహేను రోజులకి ఆవిడ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కళ్లకి నల్ల అద్దాలు, చేతులు బోసి, కాలివేళ్లకి మట్టెలు పెట్టిన చోట తెల్లటి గుర్తులు. మేడమీదికి తీసుకెళ్లాను. ఆవిడ చెట్టు ముందు కూర్చుని అద్దాలు తీసింది. కొత్త చూపుతో తేరిపార చూస్తుందనుకున్నాను. కళ్లు మూసుకుంది. చెయ్యి చాపి, ఆకులోపలికి పోనిచ్చి, ఎక్కడా వెతక్కుండా, నేను కోసిన చోట తిన్నగా వేలు పెట్టింది.

‘ఇక్కడ కదమ్మా.’

నేను ఆవిడ పక్కనే కూలబడి మొత్తం చెప్పేశాను. మొదలు లావెక్కాలనుకున్న సంగతి, గ్రూపులో గొప్పకి పోవాలనుకున్న సంగతి, ఫోన్లో ఆడిన అబద్ధం, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

‘కట్టు కింద అంతా సీకటే కదమ్మా. ఆ సీకట్లో వచ్చి నిలబడ్డాడు. ఒళ్లంతా నీళ్లు కారతన్నాయి. పదకొండేళ్లలో ఒక్కపాలి కల్లోకి కూడా రానేదు ఆడు. నానే రానీనేదు. గడువున్నాది, గడువున్నాది అని సెప్పి ఆడ్ని నీళ్లలోనే నిలబెట్టీసినాను. సలేస్తందే, అన్నాడు. అంతే అన్నాడు.’

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీరు మంచి పనే చేశారని ఆవిడ అంటుందేమోనని లోపల ఎక్కడో ఎదురు చూస్తున్నాను. మనిషి బుద్ధి అంతే. ఆవిడ అద్దాలు పెట్టుకుని, ‘మీరు సేసింది మంచో సెడ్డో నాకు తెలీదమ్మా. నానైతే దాటనిచ్చీదాన్ని కాదు,’ అంది. లేస్తూ, చెట్టు మీరే ఉంచుకోండి, మీకు ఇష్టం కదా అని కూడా అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆ చెట్టుని ఉంచుకోగలిగేదాన్నేమో.

అదే ట్రాలీ ఆటోలో నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ భర్త శవం దొరకలేదు కాబట్టి గడ్డితో బొమ్మ చేసి ఒడ్డున దహనం చేశారు. ఊరంతా వచ్చారు. మూడో రోజున ఐసుపెట్టె పగలగొట్టి చెట్టుని ఇసకలో నాటారు. పదకొండేళ్లు పెట్టెలో గుండ్రంగా తిరిగి తిరిగి చుట్టుకుపోయిన వేళ్లని నేనే ఒక్కొక్కటీ విడదీశాను. అవి అంత ఉక్కపోతలోనూ మంచుముక్కల్లా చల్లగా ఉన్నాయి. చుట్టుపక్కల ఉన్నవాళ్లు అప్పుడు మొదటిసారి చెట్టుకీ సముద్రానికీ మధ్య నిలబడ్డారు.

తర్వాత సంతలో ఆవిడ కనబడలేదు. వెళ్లి చూడడానికి నాకు ముఖం చెల్లలేదు. అలా రెండు వానాకాలాలు గడిచిపోయాయి. మొన్న కార్తీకంలో ధైర్యం చేసి ఆ పల్లెకి వెళ్లాను. సరుగుడు ఇంటి కప్పు దాటి పోయింది, తలెత్తితే కొస కనబడడం లేదు. దాని మొదట్లో పండిపోయిన ముసలావిడ ఒకరు వంగి కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. తల ముగ్గుబుట్ట, దవడలు లోపలికి పోయాయి, చేతుల మీద చర్మం వేలాడుతోంది. వాళ్ల అమ్మో అత్తో అనుకుని, అప్ప ఇంట్లో ఉందా అమ్మా అని అడిగాను.

ఆవిడ తలెత్తి నన్ను తేరిపార చూసింది. ‘నానే కదమ్మా,’ అంది.

నేను సంతలో మొదట చూసిన రోజున ఆ తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆవిడ నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. పక్కన చోటు చూపించి కూర్చోమంది. కూర్చున్నాను. పైన చెట్టు మామూలు చెట్టులాగే గాలికి హోరుమంటోంది, ఎదురుగా సముద్రం దాని పాటికి అది హోరుమంటోంది. ఆవిడ పదకొండేళ్లు గుమ్మం బయట నిలబెట్టి ఉంచిన కాలం, నేను కాస్త సందివ్వగానే, ఒక్కసారిగా లోపలికి వచ్చి ఆవిడ మీద కూర్చుంది.